మొదటి ముద్దకు ముందు

నా నాలుక గురించి నేనే చెప్పుకుంటే బాగుండదని నాకూ తెలుసు. కానీ మా ఇంట్లోవాళ్లు చెప్పరు, మా సంఘంలోవాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లంతా శాలిబండలో హలీం బట్టీ దగ్గర పొగలో కళ్లు నులుముకుంటూ ఉంటారు. అందుకని నేనే చెబుతున్నాను. రంజాన్ నెలంతా ఇషాక్ ఉస్తాద్ బట్టీలో ఉప్పు చూసేది నేను. నేను సరే అంటేనే అక్కడ గిన్నెల్లోకి హలీం దిగుతుంది.

ఉప్పు చూడటం కూడా ఒక పనేనా అనకండి. తెల్లవారకముందే గోధుమలు, మాంసం, పప్పులు ఆ పెద్ద రాగి దేగ్‌లో పడతాయి. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, మనిషెత్తు కర్రలతో మధ్యాహ్నం దాటేదాకా దంచుతూనే ఉంటారు. దంచేవాళ్లు, ఉల్లిగడ్డ వేయించేవాళ్లు, నెయ్యి కాచేవాళ్లు, అందరూ రోజా ఉన్నవాళ్లే. గొంతులో మంచినీళ్ల చుక్క కూడా దిగనివ్వరు. మరి సాయంత్రం రోజా విడిచే సైరన్ మోగాక వీధి వీధంతా తినే హలీంలో ఉప్పు సరిపోయిందో లేదో ఎవరు చెప్పాలి? నాలుక కొసన పెట్టుకుని ఉమ్మేస్తే రోజా చెడదని కొందరంటారు గానీ ఇషాక్ ఉస్తాద్ ఒప్పుకోడు. "నా రోజా మీద నాకే షక్ ఎందుకు మియా? ఇలియాస్ ఉన్నడు గద" అంటాడు.

ఇలియాస్ అంటే నేనే. ఇంట్లో పెట్టిన పేరు ఏలియా. ప్రవక్త ఒకరే, పిలిచే నోళ్లు వేరు. మిగతా నెలల్లో పెళ్లిళ్లకు వంటలు చేస్తాను. రంజాన్ వచ్చిందంటే మాత్రం ఎవరెంత బతిమాలినా ఇంకో పొయ్యి ముఖం చూడను. మా చర్చి గుడిలో అయ్యగారు ఒకసారి ఉప్పు మీద ముప్పావుగంట ప్రసంగం చేశారు. ముందు వరసలో కూర్చున్న నా వైపు ఒక్కసారైనా చూడలేదు. ఆ అయ్యగారు ఎవరో కాదు, నా బామ్మర్ది జెకర్యా. గుడి లోపల అయ్యగారు, గుడి బయట ఒరేయ్.

ఆ ఏడు రెండు ఉపవాసాలూ ఒకేసారి వచ్చాయి. పొద్దున మాకు భస్మ బుధవారం, ఆ సాయంత్రమే వాళ్లకు నెలవంక. ఈస్టర్ దాకా మాకు నలభై రోజులు ఉపవాస దినాలు, ఈద్ దాకా వాళ్లకు రోజాలు. ఇట్లా ఒకేసారి మొదలుకావడం నేనెప్పుడూ చూడలేదు. సంతోషంగానే గుడికి పోయాను.

ప్రార్థన చివర జెకర్యా, "ఎవరెవరు ఏమేం మొక్కుకుంటున్నరో లేచి చెప్పుండ్రి" అన్నాడు. ఒకాయన సిగరెట్టు మానేస్తానన్నాడు. ఒకామె సీరియళ్లు చూడనంది. నేను చాయ్ మానేద్దామా అని ఆలోచిస్తున్నాను. ఈలోగా ఆడవాళ్ల వైపు నుంచి నా భార్య రూతు లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఈ నలభై దినాలు మా ఇంట్ల ఎవ్వరం నీసు ముట్టం," అంది. అంతటితో ఆగితే బాగుండేది. "ఈస్టర్ నుంచి మా ఆయన పెండ్లి వంటలు, బట్టీ పని అన్నీ ఇడిచిపెట్టి కొత్త గుడిల సేవకు వస్తడు."

బార్కస్ దాటి తుక్కుగూడ పోయే దారిలో మా సంఘం కొత్త గుడి కడుతోంది. ఈస్టర్ నాడు దాని ప్రతిష్ఠ. గుడి తలుపులు తీయడానికి, ఊడ్చి చాపలు పరచడానికి, గంట కొట్టడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నేనని మా ఇంట్లో ఎప్పుడు నిర్ణయమైందో నాకు తెలియదు. నేను నోరు తెరిచేలోపు సంఘమంతా ఆమెన్ అంది. పెళ్లానికి ఎదురు చెప్పొచ్చేమో గానీ, గుడి గుడంతా ఆమెన్ అన్నాక ఎదురు చెప్పడం నా వల్ల కాలేదు.

దారిలో అడిగాను. "నన్నొక మాట అడగొద్దా?"

"అడిగితే ఒప్పుకుంటవా?" రూతు ఆగకుండా నడుస్తూనే ఉంది. "పొద్దంత పొగ, రాత్రంత దగ్గు. ఆ దగ్గుకు నువ్వు లేవవు, నేను లేస్త. దేవుని గుడిల చాపలు పరుచుకుంట మంచిగుండొచ్చు. ఎన్నాళ్లయ్యా గీ గరిటె పని? దేవుడు నిన్ను గిందుకే పుట్టిచ్చిండా?"

గుడి ఊడ్చే పని తక్కువదని నేననను. అది దొరకడం అదృష్టమే. రూతు కూడా నా మంచికే చెప్పింది, ఆ దగ్గు వినేది ఆమే కాబట్టి. కానీ ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. దేవుడు నన్ను దేనికి పుట్టించాడు? పెళ్లిలో పప్పు మాడితే ఏం చేయాలో అడగండి, వెంటనే చెబుతాను. ఈ ప్రశ్నకు మాత్రం ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు బట్టీకి పోయి ఇషాక్ ఉస్తాద్‌కి చెప్పేశాను. "ఉస్తాద్, ఈ ఏడు నాది గూడ రోజానే. నలభై దినాలు నీసు ముట్టమని గుడిల మొక్కుకున్నం."

ఉస్తాద్ గడ్డం నిమురుకున్నాడు. డెబ్బై దాటిన మనిషి. దేగ్‌లో మాంసం ఉడికే చప్పుడు విని మంట ఎంతుండాలో చెప్పగలడు. నన్ను తేరిపార చూసి, "నీ రోజా నీది మియా," అన్నాడు. "నా హలీం కోసం నీ రోజా ఖరాబ్ చేస్తనా? నక్కో. నువ్వు మంట చూస్కో. ఫికర్ చెయ్యకు, అల్లా మాలిక్."

కాస్త బతిమాలి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఒక్క మాట కూడా బతిమాలలేదు. వచ్చే రంజాన్ నుంచి అసలే రానన్న సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు. మంట దగ్గర కూర్చున్నాను.

గల్లా మీద కూర్చునే ఆయన కొడుకు అద్నాన్ తెలివైనవాడు. "అబ్బా, తూకం వేసి ఉప్పు వేద్దాం, లొల్లే ఉండదు," అన్నాడు. వేశారు. మొదటిరోజు హలీం చప్పగా వచ్చింది. మర్నాడు ఇంకొంచెం పెంచారు, అయినా చాలలేదు. గోధుమ ఒకరోజు ఎక్కువ నీళ్లు తాగుతుంది, ఒకరోజు తక్కువ తాగుతుంది. మాంసం ఊట ఏ రోజుకారోజే. హలీం ఏమన్నా సిమెంటా తూకం వేసి కలపడానికి? అప్పుడు అద్నాన్ కట్టెలు తెచ్చే బాబురావును పట్టుకొచ్చాడు. బాబురావుది లాల్‌దర్వాజా. రోజా లేదు, ఉపవాసం లేదు. ఉప్పు చూడటానికి అడ్డమేమీ లేదు, ఒక్క జర్దా పాన్ తప్ప. అది పొద్దున లేచినప్పటి నుంచి ఆయన బుగ్గలోనే కాపురం ఉంటుంది.

బాబురావు పాన్ ఉమ్మేసి, నోరు పుక్కిలించి, చెంచాడు హలీం నాలుక మీద వేసుకున్నాడు. ఒక పెద్దమనిషి తీర్పు చెబుతున్నట్టు కళ్లు మూశాడు. "మస్తుంది ఉస్తాద్! కానీ ఇంకింత పడాలె," అన్నాడు. వేశారు. మళ్లీ చూసి, "ఇంకింత," అన్నాడు. మళ్లీ వేశారు. నేను మంట దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాను. ఆవిరి వాసనకే నాకు లోపల ఏదో తేడాగా అనిపించింది. అయినా నోరు మూసుకున్నాను. మొక్కుకున్న మనిషిని కదా.

సైరన్ మోగింది. వీధిలో పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డల ముందు కూర్చున్న మనుషులు ఖర్జూరం నోట్లో వేసుకుని, మంచినీళ్లు తాగి, హలీం గిన్నెలు ముందుకు లాక్కున్నారు. కాసేపటికే గల్లా దగ్గర గొడవ మొదలైంది. "అద్నాన్ భాయ్, హలీం అమ్ముతున్నవా, ఉప్పు అమ్ముతున్నవా?" అని ఒకాయన గిన్నె తిప్పి పంపాడు. అద్నాన్ ముఖం ఎర్రబడింది. బాబురావు అప్పటికే బండి తీసుకుని మాయమయ్యాడు.

గొడవ చేసినవాళ్లను చూసి నాకు బాధనిపించలేదు. బట్టీకి ఎదురింటి గడప మీద షౌకత్ బీ కూర్చుని ఉంది. పొద్దంతా కళ్లు చికిలించుకుని చీరలకు చమ్కీ కుట్టే ముసలామె. రంజాన్‌లో ఆమెకు హలీం పంపడం ఉస్తాద్ ఇంటి అలవాటు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆగింది. గిన్నెలోకి ఒకసారి చూసింది. పక్కనున్న చెంబులోంచి కొన్ని నీళ్లు గిన్నెలో పోసుకుని, కలుపుకుని, చివరి మెతుకు దాకా తిన్నది. గిన్నె కడిగి తనే తెచ్చి ఇచ్చింది.

ఉండబట్టలేక అడిగాను. "ఉప్పెక్కువైంది గద అమ్మీ?"

"రోజా ఇడిచే అన్నానికి పేర్లు పెడ్తరా బేటా?" అంది షౌకత్ బీ. "మంచిగుండె."

ఆ 'మంచిగుండె' నన్ను ఇంటిదాకా తరిమింది. పొద్దంతా పస్తున్న మనిషి. మొదటి ముద్ద కోసం సైరన్ దాకా చూసిన మనిషి. ఆ ముద్దలో నీళ్లు కలుపుకుంది. నా నాలుక శుభ్రంగానే ఉంది. ఈస్టర్ దాకా శుభ్రంగానే ఉంటుంది. రేపు, ఎల్లుండి, ఆ పైన కూడా షౌకత్ బీ మాత్రం గిన్నెలో నీళ్లు పోసుకుంటూనే ఉండాలి. నడుస్తూ నడుస్తూ ప్రభువును అడిగాను, ఇది ఉపవాసమేనా అని. ఆకాశంలోంచి జవాబేమీ రాలేదు. రావాల్సిన అవసరం కూడా లేదనిపించింది.

మర్నాడు సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక బాబురావు కోసం అద్నాన్ ఫోన్ తీశాడు. నేను మంట దగ్గర నుంచి లేచాను.

"ఉస్తాద్, చెంచా ఇటియ్యి."

ఇషాక్ ఉస్తాద్ వెంటనే ఇవ్వలేదు. "మరి నీ రోజా?"

"అది నేను, నా దేవుడు చూస్కుంటం."

ఆయన చెంచా నా చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు. ఉప్పు చూసేముందు నాకొక అలవాటుంది. కళ్లు మూసుకుని, 'ప్రభువా, వీళ్ల మొదటి ముద్ద నా నాలుక మీదుగా పోతోంది, నన్ను తప్పనియ్యకు' అని మనసులో అనుకుంటాను. ఎన్నో ఏళ్లుగా అనుకుంటున్న మాటే. ఆ రోజు మాత్రం ఆ మాట నాకే కొత్తగా వినిపించింది. వీధిలో పస్తున్న వాళ్లందరికన్నా ముందు వెళ్లి, వాళ్ల ముద్ద బాగుందో లేదో చూసి వచ్చే మనిషిని నేను. రూతు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ చెంచాలో వేడిగా ఉంది. అంత సంతోషం నాకు ఏ పెళ్లి వంటలోనూ కలగలేదు.

"ఒక పిడికెడు పడాలె," అన్నాను. వేశారు. మళ్లీ చూశాను. "సరిపోయింది ఉస్తాద్."

దంచేవాళ్లు అల్హమ్దులిల్లా అన్నారు. సాయంత్రం షౌకత్ బీ చెంబు ముట్టుకోలేదు. నేను ప్రత్యేకంగా చూశాను.

అయితే నేను కూడా నా లెక్క సరిచేసుకున్నాను. చూడటానికి వేసుకున్న ఆ ఒక్క చెంచా తప్ప ఈస్టర్ దాకా ఎక్కడా నీసు ముట్టనని, బట్టీలో పని ఉన్నన్నాళ్లు సైరన్ దాకా మంచినీళ్లు కూడా తాగనని ప్రభువుకు చెప్పుకున్నాను. మామూలుగా మధ్యాహ్నం పూట తెర చాటుకు పోయి నేనొక్కడినే చాయ్ తాగేవాణ్ని. అది మానేశాను. అది గమనించిన ఉస్తాద్, రోజా విడిచే ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ మీద తన పక్కన నాకు జాగా చేశాడు. ఖర్జూరం, పండ్లు నా వైపు జరిపి, మాంసం గిన్నె దూరంగా పెట్టించాడు.

ఇంటికి పోయి రూతుకు దాచకుండా చెప్పాను. దాస్తే నాకు నిద్రపట్టదు, ఆమెకు ఎట్లాగూ తెలిసిపోతుంది.

"ఇయ్యాల హలీం నోట్ల పెట్టుకున్న."

రూతు రొట్టెలు చేస్తోంది. చెయ్యి ఆగింది. "గుడిల నిలబడి చెప్పిన మాట. ఆపుకోలేకపోయినవా?"

"ఆకలైతె తినలే రూతూ. ఉప్పు చూసిన."

"నువ్వు ఉప్పు చూడకుంటె లోకం మునుగుతదా?"

"లోకం మునగదు. షౌకత్ బీ మునుగుతది."

ఆమెకు షౌకత్ బీ ఎవరో తెలియదు. తెలిసినా ఆ రోజు వినే స్థితిలో లేదు. "నా పరువు తీసినవ్. దేవుని ముంగట నా మాట తీసినవ్," అంది. తర్వాత మాటలు ఆగిపోయాయి. మా ఇంట్లో మాటలు ఆగిపోతే గిన్నెలు మాట్లాడతాయి. వారం పైన గిన్నెలే మాట్లాడాయి. జెకర్యా ఫోన్ చేసి, "బావా, దేవుని పనికి వచ్చేటోనివి, గిట్ల చేస్తే సంఘంల ఏమనుకుంటరు?" అన్నాడు. గుడి బయట ఉన్నాడు కాబట్టి, "ఒరేయ్, ఫోన్ పెట్టు," అన్నాను.

తమ్ముడు చెబితే వినలేదని తానే బయల్దేరింది రూతు. ఇన్నేళ్లలో ఆమె ఎప్పుడూ బట్టీ గడప తొక్కలేదు. మగవాళ్లుండే చోటని రాదు, నేనూ పిలవలేదు. ఒక సాయంత్రం నేను దేగ్ దగ్గర చెంచా కోసం చెయ్యి చాపి పక్కకు చూస్తే, షేర్ ఆటో దిగి కొంగు నడుముకు చెక్కుకుని వస్తోంది. నన్ను రెక్క పట్టుకుని తీసుకుపోవడానికే వస్తోందని నడకలోనే తెలుస్తోంది.

ఇషాక్ ఉస్తాద్ ఆమెను ఎప్పుడూ చూడలేదు. అయినా ఎవరో పోల్చుకున్నాడు. కుర్చీ తుడిపించి షౌకత్ బీ గడప పక్కన వేయించాడు. "రా బెహన్, కూచో. ఒక్క నిమిషం. ఇలియాస్ ఉప్పు చూస్తుండు." రూతు కూర్చోలేదు. కానీ ఆగింది.

అంతమంది ముందు ఏం చేయాలో తోచక, రోజూ చేసేదే చేశాను. కళ్లు మూసుకున్నాను. మామూలుగా అయితే చిన్న ప్రార్థనే. ఆ రోజు మాత్రం రూతు కోపం గురించి కూడా రెండు మాటలు చెప్పుకోవాల్సి వచ్చింది కాబట్టి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

నేను కళ్లు మూసుకున్నప్పుడు చుట్టూ ఏం జరుగుతుందో నాకు ఎట్లా తెలుస్తుంది? ఆ తర్వాత రూతు చెబితేనే తెలిసింది. దంచేవాళ్లు కర్రలు గోడకు ఆనించి నిలబడ్డారట. ఉల్లిగడ్డ వేయించే ఆయన బాణలిలో గరిటె కదపలేదట. గల్లా దగ్గర ఎవరో అద్నాన్ని ఏదో అడగబోతే, అద్నాన్ పెదవుల మీద వేలు పెట్టాడట. పొద్దున్నుంచి పస్తున్న అంతమంది తలలు వంచుకుని నిలబడి ఉన్నారట. షౌకత్ బీ, రూతు కొంగు పట్టి కిందికి లాగి, మెల్లగా చెప్పిందట. "కూచో బిడ్డా. ఆయన దువా అయ్యేదాక ఈడ ఎవ్వరు మూత ముట్టరు. ఎప్పట్నుంచో గంతే."

నేను కళ్లు తెరిచి, చెంచాడు నాలుక మీద వేసుకున్నాను.

"సరిపోయిందా?" అన్న గొంతు వినిపించింది. ఉస్తాద్ గొంతు కాదు. రూతు గొంతు. వారం పైన నాతో మాట్లాడని గొంతు.

"ఒక పిడికెడు పడాలె," అన్నాను.

"మరి గట్ల నిలబడ్డవేంది? వేయి."

దంచేవాళ్లు పకపకా నవ్వారు. ఉస్తాద్ కూడా నవ్వాడు. రూతు ఇఫ్తార్ అయ్యేదాకా షౌకత్ బీ పక్కనే కూర్చుంది. ఆమె తినే మొదటి ముద్దను రెప్పవేయకుండా చూసింది. ఇంటికి నడిచి వస్తుంటే ఏమైనా అంటుందేమోనని ఎదురుచూశాను. సందు మలుపులో మాత్రం, "రేపటి నుంచి మూతికి తడి తువాల కట్టుకో. పొగ లోపటికి పోదు," అంది. మర్నాడు తువాలు తడిపి, పిండి, మడిచి తానే చేతికిచ్చింది. సాయంత్రం గడపలో అడుగు పెట్టగానే, "ఇయ్యాల ఉప్పెట్లుండె?" అని అడిగింది. ఇన్నేళ్ల కాపురంలో అన్నం తిన్నవా అని అడిగింది, ఎందుకాలస్యమైందని అడిగింది. నా పని గురించి అడగడం అదే మొదటిసారి. మా ఇల్లు ఆ సాయంత్రం నుంచి వేరే ఇల్లయింది. ఆ తర్వాత ఈద్ దాకా ఒక్కరోజు కూడా అడగడం మానలేదు. నేను కూడా ఒక ముక్కలో చెప్పేవాణ్ని కాదు. గోధుమ సంగతి, మంట సంగతి, షౌకత్ బీ సంగతి, అన్నీ చెప్పేవాణ్ని. కొత్త గుడి పని సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఈస్టర్ దగ్గరపడుతున్నకొద్దీ నాకు లోపల బరువుగా ఉండేది. సంఘమంతా ఆమెన్ అన్న మాట అది.

ఈస్టర్ నాడు చీకటి ఉండగానే కొత్త గుడి ఆవరణలో పొయ్యిలు పెట్టాం. ఆరాధన అయ్యాక ప్రేమ విందు. బగారా అన్నం, మటన్ కూర. పెద్ద వంటవాణ్ని నేనే. తూర్పు తెల్లబడేసరికి కూర ఉడికింది. అప్పుడు వచ్చింది చిక్కు. ఆరాధన అయ్యేదాకా మా సంఘంలో ఎవరూ నీసు ముట్టరు. కూరలో ఉప్పు ఎవరు చూడాలి?

జెకర్యా తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు. "నువ్వే చూడు బావా, నీకు అలవాటే గద," అన్నాడు. మాట మెత్తగానే ఉంది, లోపల ముల్లుంది.

నేను జవాబు చెప్పేలోపు రూతు అందుకుంది. "ఆయన బట్టీల తప్ప యాడ ముట్టనని దేవునికి చెప్పుకుండు. నోట్ల నీళ్లు గూడ పోస్కోకుంట నెలంత మంట ముంగట నిలబడ్డడు. ఇయ్యాల నీ కూర కోసం మాట తప్పుతడా? ఆగు. మనిషి వస్తుండు."

ఎవరొస్తున్నారని అడిగేలోపు ఆటో వచ్చి ఆగింది. అద్నాన్ చెయ్యి పట్టుకుని ఇషాక్ ఉస్తాద్ దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, అత్తరు వాసన. రూతు తానే శాలిబండకు పోయి పిలిచిందని అప్పుడు తెలిసింది.

"ఈద్ అయిపోయింది, ఇయ్యాల నాకు రోజా లేదు," అన్నాడు ఉస్తాద్ నా భుజం మీద చెయ్యి వేసి. "బెహన్ పిలిచింది. ఇలియాస్ కూర ఉన్నది, నాలుక కావాలె అన్నది. పెద్ద నౌకరీ దొరికింది నాకు."

జెకర్యా మర్యాదగా ఎదురువెళ్లి చేతులు కలిపాడు. "సంతోషం ఇషాక్ సాబ్. మీ ఇలియాస్‌ను ఇయ్యాలటి నుంచి మేం తీస్కుంటున్నం, దేవుని పనికి."

ఎవరి ముఖం వంకా చూడకుండా నేల చూస్తున్నాను. ఉస్తాద్ చెయ్యి నా భుజం మీద బరువుగా ఆగిపోయింది. ఆయనకు నేను చెప్పనే లేదు.

"తమ్మీ," అంది రూతు. "గుడి చూస్కోనీకి మన సంఘంల బీరయ్య తాతను మాట్లాడిన. మస్తు ఖుషీగ ఒప్పుకుండు. పొద్దుగాల గంట కొట్టింది ఆయనే, ఇన్నవా?"

"మరి బావ? సంఘం ముంగట మాటిచ్చినవు గదక్కా."

"ఇచ్చిన. తెల్వక ఇచ్చిన. ఆ మాట నేనే సంఘం ముంగట లేచి మార్చుకుంట." ఆమె గొంతులో వణుకు లేదు. నా వైపు వేలు చూపించింది. "దేవుని పనికి రమ్మంటున్నవు. ఎప్పుడో పోయిండురా ఈయన. నేను పోయి నా కండ్లతోని చూసి వచ్చిన."

జెకర్యా నన్ను చూశాడు, అక్కను చూశాడు, ఉస్తాద్‌ను చూశాడు. మంచివాడే. "సరే అక్కా," అన్నాడు. "ముందు ఉప్పు సంగతి చూడుండ్రి. ఆరాధనకు టైమైతుంది."

నేను కూర గిన్నె మూత తీశాను. పెళ్లిళ్లలో వేలమందికి వండిన చెయ్యి నాది. చెంచా ఉస్తాద్‌కి రెండుసార్లు కడిగి, తుడిచి అందించాను. ఇన్నేళ్లూ ఆయన వండితే నేను చూశాను. నా వంటకు ఆయన ఉప్పు చూడటం అదే మొదటిసారి.

ఇషాక్ ఉస్తాద్ చెంచా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. పొయ్యిల దగ్గర ఆడవాళ్లు ఏదో మాట్లాడుకుంటున్నారు. ఎవరో పిల్లలు పాట అందుకున్నారు. రూతు వాళ్ల వైపు తిరిగి చెయ్యి ఎత్తింది.

"ఉండుండ్రి," అంది. "ఆయన దువా అయ్యేదాక ఎవ్వరు మాట్లాడకుండ్రి."

ఆవరణంతా ఆగింది. తెల్ల అంగీలో జెకర్యా కూడా తల వంచుకుని నిలబడ్డాడు. ఉస్తాద్ కళ్లు తెరిచి, కూర నాలుక మీద వేసుకుని, తొందరలేకుండా మింగాడు. తర్వాత నన్ను చూశాడు. బట్టీలో నేను ఎన్నోసార్లు ఆయనకు చెప్పిన మాటను, నేను అనే తీరులోనే, గట్టిగా, సంఘమంతా వినేటట్టు చెప్పాడు.

"సరిపోయింది ఉస్తాద్."